తెల్ల చొక్కాల్లో నీలం

స్లైడా, నెగటివా అని ఆ టీచరమ్మ అడిగిన రోజున నేను నోరు మూసుకుని ఉంటే ఈ గొడవంతా జరిగేది కాదు. కానీ నోరు మూసుకోవడం నాకు పుట్టుకతో రాలేదు. పెళ్ళయ్యాక నేర్పుదామని చూసినవాళ్ళు కూడా విసిగి ఊరుకున్నారు.

మాది ఫొటోలు స్కాన్ చేసే దుకాణం. మేడ మీద ఒకటే గది. డిజిటల్ కెమెరాలు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి, వాటిని నమ్మేవాళ్ళు తక్కువ. ఫిల్ము మీద తీసిన బొమ్మల్ని స్కాన్ చేసి, రంగులు సరిచేసి, సీడీలో వేసి ఇచ్చేవాళ్ళం. కిటికీకి నల్లగుడ్డ, గోడలకి బూడిద రంగు. రంగు గోడ ఉంటే తెర మీద రంగు కంటిని మోసం చేస్తుందని మామయ్య వేయించారు. స్కానర్ పక్కన లైట్ టేబుల్, అంటే పాలగాజు కింద ట్యూబులైట్లు బిగించిన బల్ల. మానిటర్ ముందున్న కుర్చీ మామయ్యది, మిగతా పనులు నావి. మామయ్యంటే మా ఆయన తండ్రి. మా ఆయన బస్సుల డిపోలో పనిచేస్తాడు, ఈ దుకాణం గొడవల్లో తల దూర్చడు. దూరిస్తే ఏమవుతుందో అతనికి తెలుసు.

మామయ్యని అందరూ మీటరు గారు అనేవారు. వెలుతురు కొలిచే మీటరు ముట్టుకోకుండా, ఆకాశం వంక ఒక్క చూపు చూసి కెమెరాలో ఏం పెట్టాలో చెప్పేవారు. ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపి, ఆ పని తగ్గాక ఈ పని పెట్టారు. తెర మీద రంగు సరిచేసేటప్పుడు పక్కనే అంకెలు కనబడతాయి, ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత అని. ఆయన ఆ అంకెల మీద ఒక చీటీ అంటించేసి కూర్చునేవారు. "అంకెలు చూసి రంగు చెప్పేవాడు, పుస్తకం చూసి ఆకలేసిందో లేదో చెప్పేవాడు ఒకటే" అనేవారు.

టీచరమ్మ బడిలో మొక్కల పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. బక్కపలచగా ఉంటుంది, మోకాళ్ళకి ఎప్పుడూ మట్టి. ఊరి చుట్టుపక్కల గుట్టల మీద, కాలవ గట్ల మీద పూసే అడవి పూలన్నిటినీ ఫొటోలు తీసి పుస్తకం వేస్తానంది. మొత్తం మూడొందల చిల్లర. కొన్ని ఏడాదికి నాలుగు రోజులే పూస్తాయట. అవి తప్పితే మళ్ళీ ఏడాదికి గానీ దొరకవు.

"ఏ ఫిల్ముతో తీయమంటారు? మీ స్కానింగుకి ఏది మంచిది?" అని అడిగింది.

"నెగటివ్" అన్నారు మామయ్య.

"స్లైడ్" అన్నాను నేను.

ఆయన నా వంక చూశారు. కస్టమరు ముందు నేను ఎదురు చెప్పడం మొదటిసారి కాదు గానీ, అంత తొందరగా చెప్పడం మొదటిసారి.

"చూడమ్మా, తెల్లపువ్వు ఎండలో ఉందనుకో" అన్నారు ఆవిడతో. "స్లైడ్ మీద వెలుతురు ఇంత ఎక్కువైందా, రేకులు కాస్తా ఖాళీ కాయితం అయిపోతాయి. ఎవరూ బాగుచెయ్యలేరు. నెగటివ్ అమ్మలాంటిది, మన తప్పులు కడుపులో దాచుకుంటుంది. ఎక్కువ పడినా తక్కువ పడినా నేను బయటికి లాగుతాను."

"లాగుతారు సరే, రంగో?" అన్నాను. "నెగటివ్ అంతా నారింజ రంగు. రంగులు తిరగేస్తే గానీ బొమ్మ రాదు. తిరగేశాక ఆ పువ్వు ఊదానో నీలమో ఎవరు చెప్పాలి? స్లైడ్ అయితే ఫిల్ము మీదే అసలు రంగు కళ్ళెదురుగా కనిపిస్తుంది. పక్కన పెట్టుకుని తెర మీద అదే రంగు వచ్చేదాకా తిప్పడమే."

"ఎవరు చెప్పాలా? నేను చెప్తాను" అన్నారు మామయ్య.

అదీ అసలు సంగతి. స్లైడ్ అయితే ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా పని జరుగుతుంది. నెగటివ్ అయితే మామయ్యే కూర్చోవాలి. తన కన్ను ఇంకా పదిమందికి అవసరమని ఆయనకి తెలియాలంటే, ఆవిడ నెగటివ్ అనాలి. ఆ వయసులో ఆయనకి మిగిలిన గర్వం అదొక్కటే. తెలిసి కూడా నేను నోరు పారేసుకున్నాను.

టీచరమ్మ తెలివైంది. "ఇద్దరూ పోట్లాడుకోకండి. పది పూలు రెండిట్లోనూ తీస్తాను. ఒకే పువ్వు, ఒకే ఎండ, రెండు కెమెరాలు. మీరు స్కాన్ చేసి చూపించండి" అంది. వెళ్తూ వెళ్తూ సంచిలోంచి ఒక అట్ట తీసి చూపించింది. ఎంబ్రాయిడరీ దారాల షేడ్ కార్డు, నాలుగొందల రంగుల దారపు ముక్కలు, ఒక్కోదానికి ఒక్కో నంబరు. "పువ్వు పక్కన దీన్ని పెట్టి, ఏ దారంతో కలుస్తుందో అక్కడికక్కడే రాసుకుంటాను. రేకు వాడిపోతుంది గానీ దారం వాడదు కదా" అంది. ఆ అట్టని మేం పెద్దగా పట్టించుకోలేదు.

రెండు వారాలకి ఫిల్ములు వచ్చాయి. పది స్లైడ్లు, పది నెగటివ్‌లు. పందెం కాబట్టి రెండూ తానే చేస్తానన్నారు మామయ్య. స్లైడ్లు కావాలని పాడుచేస్తారేమోనని నాకు అనుమానం వచ్చింది, ఛీ ఛీ, అలాంటి మనిషి కాదు. లైట్ టేబుల్ మీద ఒక్కో స్లైడూ పెట్టి, భూతద్దంలో చూసి, తెర వంక చూసి, మళ్ళీ స్లైడ్ వంక చూసి చాలా శ్రద్ధగా చేశారు. తర్వాత నెగటివ్‌లు. వాటికి పక్కన చూసుకోవడానికి ఏమీ లేదు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు చికిలించి, "ఆ, ఇదీ" అనేదాకా తిప్పారు.

టీచరమ్మ వచ్చి తెర ముందు కూర్చుంది. స్లైడ్ల స్కాన్లు చూసి దారాల అట్ట పక్కన పెట్టుకుని తలూపుతూ పోయింది. పదికి తొమ్మిది కుదిరాయి. ఒక్క తెల్లపువ్వు మాత్రం మామయ్య చెప్పినట్టే ఖాళీ కాయితమైంది. ఆయన నా వంక చూసి మీసంలో నవ్వారు. తర్వాత నెగటివ్‌లవి చూపించాం. ఆవిడ మొదటిది చూసి అట్ట వంక చూసింది. రెండోది చూసి కళ్ళజోడు తుడుచుకుంది. మూడోదానికి, "మీటరు గారూ, ఇది నా పువ్వు కాదండీ" అంది.

"మీ పువ్వే."

"నా పువ్వు మొహం నాకు తెలీదా? ఇది పసుపు. ఇక్కడ నిమ్మకాయలా పాలిపోయింది. ఆ తెల్లదానికి చలేసినట్టుంది."

నేనూ వంగి చూశాను. అన్నిటి మీదా పల్చగా నీలం పరుచుకుని ఉంది. మామయ్య లేచి, "ల్యాబువాడు ఫిల్ము కడిగే మందులు మార్చలేదు, అంతే. రేపటికి చూస్తాను" అన్నారు. ఆవిడ వెళ్ళిపోయాక కూడా చాలాసేపు ఫిల్ముని, ల్యాబుని, చివరికి ఆ దారాల కంపెనీని కూడా తిట్టారు.

నేను గెలిచాను. ఎగిరి గంతెయ్యాలి కదా? వేసే ముందు సరదాకి, ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు, అవే నెగటివ్‌లు నేను స్కాన్ చేశాను. ఆవిడ రేపటిదాకా ఉంచమని వదిలివెళ్ళిన అట్టతో, నంబర్ల జాబితాతో పోల్చాను. కుదిరాయి. పదికి పది, ఆ తెల్లపువ్వుతో సహా.

అంటే ఫిల్ము బాగానే ఉంది. ల్యాబు బాగానే ఉంది. స్కానరూ బాగానే ఉంది. మరి ఆయన చేతిలోనే నీలమెందుకు వచ్చింది? చేతిలోనే తేడా ఉంటే స్లైడ్లు ఎలా కుదిరాయి? అదే మనిషి, అదే కుర్చీ, అదే రోజు. ఈ ప్రశ్న నా బుర్రలో దూరి కూర్చుంది, కూర వండుతున్నా వదలదు, బట్టలు ఆరేస్తున్నా వదలదు. నాకు కోపం వస్తే గంటలో పోతుంది గానీ, అర్థం కానిది ఏదైనా ఉంటే మాత్రం దాని అంతు చూసేదాకా నిద్రపట్టదు.

పాత సీడీల అలమర తీశాను. ఒక బడివాళ్ళు ఏటా మా దగ్గరే గ్రూప్ ఫొటోలు స్కాన్ చేయించి, ఫిల్ము కూడా మా దగ్గరే ఉంచుతారు. ఏటా అదే గోడ, అదే మెట్లు, అవే తెల్ల చొక్కాలు. పిల్లలు మారతారు తప్ప ఏమీ మారదు. అన్నీ నెగటివ్‌లే, అన్నీ మామయ్య చేసినవే. ఏడేళ్ళ ఫొటోలు తెర మీద వరసగా పేర్చాను.

మొదటి ఏడాది చొక్కాలు తెల్లగా ఉన్నాయి. రెండో ఏడూ అంతే. మూడో ఏడు ఏదో చిన్న తేడా. అక్కణ్ణుంచి ఏటేటా ఇంకాస్త, ఇంకాస్త, కిందటేడాదికి వచ్చేసరికి నీలిమందు ఎక్కువైన బకెట్లో ముంచి తీసినట్టున్నాయి. ఒక్కొక్కటే విడిగా చూస్తే ఎవరికీ తెలీదు. పైగా ఆ బడి హెడ్మాస్టరు కిందటేడు ఫోన్ చేసి మరీ, "మీటరు గారి చేతిలో మా పిల్లల చొక్కాలు ఏం తెలుపండీ!" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నేనే స్వయంగా మామయ్యకి చెప్పాను.

అంకెల మీద ఆయన అంటించిన చీటీ లేపి చూశాను. మొదటి ఏడాది చొక్కా మీద మూడు రంగులూ దాదాపు సమానం. కిందటేడు నీలం ఇరవై నాలుగు ఎక్కువ.

అప్పుడు వెలిగింది. స్లైడ్ చేసేటప్పుడు ఆయన స్లైడ్‌నీ తెరనీ ఒకే కంటితో చూస్తారు. ఆ కంటికి ఏ లోపం ఉన్నా రెండిటికీ సమానంగానే ఉంటుంది, కాబట్టి రెండూ కలిసిపోతాయి. నెగటివ్‌కి పక్కన ఏమీ లేదు. ఆయన కంటికి తెల్లగా కనిపించేదాకా నీలం పోస్తూ పోతారు. ఎందుకంటే ఆ కంట్లోకి నీలం సరిగ్గా వెళ్ళడం లేదు.

ఎంత బాగా కుదిరిందో అని ఒక్క క్షణం సంబరపడ్డాను, నిజం దాచడమెందుకు. మరుక్షణం ఏడుపొచ్చింది. మీటరు గారి మీటరు పోయింది. ఆ మాట ఆయనకి ఎవరు చెప్పాలి?

మూడు రోజులు చెప్పలేదు. నేను! మూడు రోజులు! మా ఆయన నాకు ఒంట్లో బాగాలేదేమోనని నుదురు పట్టుకు చూశాడు. ఆ మూడు రోజులూ, ఆయన ఇంటికెళ్ళాక ఆయన చేసిన ఫైళ్ళు తెరిచి దొంగతనంగా నీలం తీసేశాను. ఇలాగే గడిపేద్దామనుకున్నాను, ఆయనకి తెలియకుండా, ఏళ్ళ తరబడి. కానీ కన్ను సంగతో? అది బట్ట మీది మరక కాదు కదా, తుడిచేసి ఊరుకోవడానికి. నాలుగో రోజు పొద్దున ఏడు ఫొటోలూ తెర మీద పెట్టి, చీటీ పీకేసి, మొత్తం చెప్పేశాను.

ఆయన ఏడు ఫొటోలనీ ఒక్కొక్కటే వరసగా చూశారు. తర్వాత, "అన్నీ తెల్లగానే ఉన్నాయి" అన్నారు.

"లేవు మామయ్యా."

"నా కంట్లో అంత తేడా ఉంటే నాకు తెలీదుటే? ప్రపంచమంతా పచ్చగా కనబడదూ? పొద్దున పేపరు చదివాను, అక్షరం పొల్లుపోలేదు. పందెం గెలవడానికి నా కళ్ళు పీకుతావా?" గొంతు లేచింది. నేను తల దించుకున్నాను. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆయన నన్నలా అనడం అదే మొదలు.

విసురుగా లేచి, స్టూడియో రోజుల నాటి పెట్టె వెతికి, లైట్లకి కట్టే లేత పసుపు జెలటిన్ కాగితం తీశారు. పాత కళ్ళజోడు ఫ్రేముకి దాన్ని కత్తిరించి అంటించారు. "పెట్టుకో. ప్రపంచం పచ్చగా ఉందా లేదా?"

"ఉంది."

"ఉంది కదా! నాకూ అలాగే తెలిసేది. తియ్యకు. అలాగే పని చెయ్యి. సాయంత్రం దాకా నీకు పచ్చగానే కనబడుతుంది, అప్పుడు ఒప్పుకుందువుగాని."

మంకుపట్టు మా ఇంట్లో అందరికీ ఉంది. సరేనని పెట్టుకున్నాను. కవర్ల మీద పేర్లు రాశాను, సీడీలు సర్దాను, ఇద్దరు కస్టమర్లు నన్ను చూసి నవ్వి వెళ్ళారు. గంటయ్యేసరికి కాగితం తెల్లగా కనిపించసాగింది. కళ్ళజోడు ఉన్న సంగతే మర్చిపోయాను. అప్పుడు మామయ్య కిందటేడాది బడి నెగటివ్ నా ముందు పెట్టి, "అంకెలు చూడకుండా తెల్ల చొక్కాలు తెల్లగా చెయ్యి" అన్నారు. చేశాను. ఒట్టు, అంతకంటే తెల్లటి చొక్కాలు నేను చూడలేదు.

కళ్ళజోడు తీశాను. మళ్ళీ అదే బకెట్టు, అదే నీలిమందు. నా కన్ను పచ్చని మర్చిపోయింది గానీ, తగ్గిన నీలాన్ని పూర్తిగా తిరిగి తెచ్చుకోలేదన్నమాట.

"ఎలా ఉన్నాయి?" అని అడిగారు. తెర ఆయన ఎదురుగానే ఉంది. అయినా నన్ను అడిగారు. తెల్లగా ఉన్నాయని ఒక్క అబద్ధమాడితే ఆ రోజుకి గండం గడిచిపోయేది. నాలిక దాకా వచ్చింది. "మీరు చేసిన రంగే వచ్చింది మామయ్యా" అన్నాను.

ఆయన భూతద్దం తీసుకుని, ఇన్నేళ్ళుగా లెక్కచెయ్యని ఆ అంకెల మీద పెట్టి చదివారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒకసారి పైకి చదివారు, రెండోసారి లోపల చదువుకున్నారు. తర్వాత ఆశ్చర్యంగా ఆ కళ్ళజోడుని అటూ ఇటూ తిప్పి చూశారు. "గంటలో మర్చిపోయావా పచ్చని?" అన్నారు. "మర్చిపోయాను" అన్నాను. "ఏం చిత్రమే ఇది" అన్నారు. అప్పుడు ఆయన గొంతులో కోపం లేదు.

కళ్ళ డాక్టరమ్మ దీపం వేసి చూసి, "రెండు కళ్ళకీ శుక్లాలు. పసుపు దాటి గోధుమ రంగుకి వచ్చాయి. అక్షరాలు కనబడుతున్నాయి కాబట్టి మీకు తెలియలేదు" అంది. ముందు కుడి కంటికి ఆపరేషన్, నెలన్నర ఆగి ఎడమ కంటికి అంది.

కుడి కన్ను అయిన నాలుగోనాడు దుకాణానికి వచ్చి కూర్చున్నారు. ఒక కన్ను మూసి తెల్లకాగితం చూస్తారు, రెండో కన్ను మూసి తెల్లకాగితం చూస్తారు. "ఈ కంటికి టీ, ఈ కంటికి పాలు" అని నవ్వుతారు. నా తల వంక చూసి, "ఇన్ని తెల్లవెంట్రుకలు నీకెప్పుడొచ్చాయి?" అన్నారు. "మీరు చూడనప్పుడు" అన్నాను. తర్వాత బడి ఫొటోలు పెట్టమన్నారు. పాత కంటితో చూశారు, కొత్త కంటితో చూశారు. అలా పది పదిహేనుసార్లు. నెగటివ్‌ల కవర్లు తెచ్చుకుని మొదటినుంచీ మళ్ళీ స్కాన్ చెయ్యడం మొదలుపెట్టారు. వారం పట్టింది. ఆ వారం ఎవరి మాటా వినిపించుకోలేదు. చొక్కాలు పాలల్లా వచ్చాయి. అంకెలు నేను చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు.

టీచరమ్మ మళ్ళీ వచ్చింది. వానలు పడ్డాయి, గుట్ట మీద మొగ్గలు వేస్తున్నాయి, ఇంక ఆగడానికి లేదంది. "ఏ ఫిల్ము కొనను?"

నేను చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఈసారి నెగటివ్ అని. అవును, నేనే. ఆ కుర్చీలో మళ్ళీ ఆయన ఉన్నారు, ఆయన కన్ను మళ్ళీ వచ్చింది, పైగా తెల్లపూలు నెగటివ్‌లోనే దక్కుతాయి. ఆవిడ నోట నెగటివ్ అనిపించాలని పొద్దుటినుంచీ మాటలు కూడగట్టుకున్నాను.

"స్లైడ్ కొనమ్మా" అన్నారు మామయ్య. "తెల్లపూలకి నేనూ వస్తాను, వెలుతురు చూసి చెప్తాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అదేంటి మామయ్యా! ఇప్పుడు కన్ను బాగుంది కదా! నెగటివ్ అనండి! చొక్కాలు ఎంత బాగా చేశారు, అంకె తేడా లేకుండా! ఇన్నాళ్ళూ పంతం పట్టి, తీరా గెలిచే రోజున ఒదిలేస్తారా?"

"కూర్చో" అన్నారు. కూర్చున్నాను.

"ఐదేళ్ళు తప్పు రంగు చూశాను. అది సరే, కన్ను కదా, చెడుతుంది. కానీ ఐదేళ్ళలో ఒక్క రోజు, ఒక్క పూట, నాకు అనుమానం రాలేదే. తప్పు ఎంత పెరిగితే నా ధైర్యం అంత పెరిగింది. నువ్వు చెప్తే నీ మీద అరిచాను. కంటికి డాక్టరమ్మ ఆపరేషన్ చేసింది. ఆ ధైర్యానికి ఎవరు చేస్తారు?"

టీచరమ్మ చేతిలో దారాల అట్ట అలాగే ఉండిపోయింది.

"నెగటివ్ అయితే ఈవిడ నన్ను నమ్మాలి. పనిని నమ్మకం మీద వదిలెయ్యను, వద్దు. స్లైడ్ అయితే నన్ను నమ్మక్కర్లేదు. బల్ల మీద పెట్టి ఎవరైనా నన్ను పట్టుకోవచ్చు." ఆయన కొంచెం ఆగి, కొత్త కంటితో నన్ను చూశారు. "రేపు ఆ కుర్చీలో నువ్వే ఉంటావు. నీకూ ఈ వయసు వస్తుంది. నాకైతే చెప్పడానికి నువ్వున్నావు. నీ నోటికి భయపడి నీకెవరు చెప్తారే?"

అన్నిటికీ ఠక్కున జవాబిచ్చే నోరు నాది. ఈసారి ఆర్డరు పుస్తకం తీసి, టీచరమ్మ పేరు ఎదురుగా స్లైడ్ అని రాశాను.